ఫొటోకు మాటలు అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో పత్రికకు ఫొటోలు తీయడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల నోట కొన్ని మాటలు వింటే భయమేస్తుంది. ఒకప్పుడు నేనూ వాటిని నమ్మాను.

అపోహ: మంచి ఫొటోకు కింద వ్యాఖ్య అవసరం లేదు.

వాస్తవం: అన్నిటికన్నా హాని చేసే నమ్మకం ఇదే. కొన్నేళ్ల క్రితం మిర్చి సీజన్‌లో తెల్లవారుతుండగానే ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. బస్తాల మీద ఒక పెద్దాయన మోకాళ్ల మధ్య తల వాల్చి కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీంచి జారింది, దాని అంచుకు మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. నేను వివరాలు ఇవ్వలేదు, ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ ఊహించి వ్యాఖ్య రాసింది. మర్నాడు ‘ధర రాక కుంగిపోయిన రైతు’ అని అచ్చయింది.

ఆయన కొడుకు ఫోన్ చేశాడు. “మా నాన్న రాత్రంతా ట్రాలీలో వచ్చాడు సార్, కునుకు పట్టింది. అప్పటికి వేలం పాటే మొదలు కాలేదు. ఊళ్లో అందరూ వచ్చి ఓదార్చిపోతుంటే మా అమ్మ ఏడుస్తోంది.”

ఆయన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. జెండా పాట, అంటే మార్కెట్‌లో ఆ రోజు అత్యధిక ధరను తేల్చే వేలం, ఫొటోలకూ అంతే. ఆ ధర మేలైన సరుకుకు దక్కుతుంది, చాలా బస్తాలు అంతకన్నా తక్కువకే పోతాయి. ఫొటోలోని రైతుకు ఎంత వచ్చిందో రాయకుండా జెండా పాట ధర ఒక్కటే వేస్తే చదివేవాళ్లను తప్పుదోవ పట్టించినట్టే.

1936లో కాలిఫోర్నియాలో అమెరికా ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ తీసిన వలస తల్లి ఫొటో ప్రపంచమంతా తెలుసు. ఆ తల్లి పేరు లాంజ్ అడగలేదు. కారు టైర్లు అమ్ముకుని తిండి కొన్నారని లాంజ్ రాసుకున్న మాట నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది.

అపోహ: కెమెరా ఉన్నది ఉన్నట్టే చూపుతుంది.

వాస్తవం: మేడారం జాతరలో జంపన్నవాగును దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీస్తే జనం ఒకరికొకరు అతుక్కుపోయినట్టు కనిపిస్తారు. దగ్గరికి వెళ్లి వెడల్పాటి లెన్స్ పెడితే మధ్యలో ఖాళీలు తేలతాయి. ఏది చూపాలో ఎంచుకునేది మనమే.

అపోహ: కాస్త దిద్దితే తప్పులేదు.

వాస్తవం: వెలుతురు సరిచేయవచ్చు, ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. 2006లో బీరూట్ దాడి ఫొటోలో పొగను పెంచి చూపిన ఫొటోగ్రాఫర్‌వి 920 చిత్రాలను రాయిటర్స్ వార్తాసంస్థ తన భాండాగారం నుంచి తొలగించింది.

అపోహ: కన్నీళ్లు కనిపిస్తేనే విషాదం.

వాస్తవం: 2023 జూలైలో మోరంచవాగు భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచేసింది. నీళ్లు తీశాక వెళ్తే ఒక ఇంటి గోడ మీద బురద గీత నా తలకన్నా ఎత్తున ఉంది. దాని కింద ఒక పెద్దమ్మ మంచం మీద దుప్పటి పరిచి తడిసిన బియ్యం ఆరబోస్తోంది. ముందు పేరు అడిగి రాసుకున్నాను. కెమెరా ఎత్తబోతే చేయి అడ్డం పెట్టింది.

“నా ముఖమెందుకు బిడ్డా, ఈ బియ్యం చూపించు.”

బియ్యంలో ఆమె వేళ్లు, పైన గోడ మీద గీత. అదే డెస్క్‌కు పంపాను, ఆమె మాటతో సహా.