తూటా మెడలోని ఇత్తడి

ఇత్తడి రేకును సుత్తితో కొడుతూ పోతే కాసేపటికి అది లొంగడం మానేస్తుంది. ఇత్తడి, కంచు పాత్రలకు పేరుపడిన శ్రీకాకుళం జిల్లా బుడితి మా ఊరికి దగ్గర కావడంతో, చిన్నతనంలో కంచరి కొలిమి ముందు కూర్చుని ఈ సంగతిని కళ్లారా చూశాను. మొదటి దెబ్బలకు మెత్తగా అణిగిన రేకు పోనుపోను ఖణేల్మని మోగుతూ సుత్తిని వెనక్కి తోసేది. అప్పుడాయన దాన్ని పట్టకారుతో నిప్పుల్లో పెట్టి, మసక ఎరుపు తేలగానే తీసి, మళ్లీ దాగలి మీదికి తెచ్చేవాడు.

రైఫిల్ తూటాలో మందునూ గుండునూ పట్టి ఉంచే ఇత్తడి తొడుగులో జరిగేదీ ఇదే. 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఆ ఇత్తడి, తూటా పేలినప్పుడు వాయువుల ఒత్తిడికి ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే గది గోడలను అంటుకుని, వెంటనే కాస్త ముడుచుకుంటుంది. తొడుగును మళ్లీ నింపి వాడుకునేవారు దాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఈ పనికి లైసెన్సు తప్పనిసరి. ఒకసారి ఉబ్బడం, ఒకసారి నొక్కించుకోవడం కలిపి ప్రతి వాడకమూ చల్లటి లోహం మీద రెండు దెబ్బలతో సమానం. స్ఫటికాలలోని పొరలు జారడానికి వీలు కల్పించే సన్నని లోపరేఖలు ఆ దెబ్బలకు పెరిగి, ఒకదానితో ఒకటి చిక్కుపడి కదలలేకపోవడం వల్ల లోహం గట్టిపడుతుంది.

గురికి సంబంధించిన చిక్కు తొడుగు పై కొసన సన్నబడిన మెడ దగ్గర మొదలవుతుంది. గుండును పట్టి ఉంచేది మెడే. గట్టిపడిన మెడ అచ్చులోంచి బయటికి రాగానే మెత్తటి మెడకన్నా ఎక్కువగా వెనక్కి విచ్చుకుంటుంది కాబట్టి, రెండుసార్లు వాడిన తొడుగునూ ఎనిమిదిసార్లు వాడిన తొడుగునూ ఒకే అచ్చులో నొక్కినా రెండింటి పట్టూ ఒకటి కాదు. పట్టు మారితే గుండు వదిలే క్షణంలోని ఒత్తిడి మారుతుంది, దానితో వేగమూ మారుతుంది. లక్ష్యాన్ని చేరడానికి గుండుకు ఒక సెకను పట్టిందనుకుందాం. ఆలోగా భూమ్యాకర్షణ దాన్ని సుమారు 4.9 మీటర్లు కిందికి లాగుతుంది. వేగం ఒక్క శాతం తగ్గితే ఆ పతనం దాదాపు రెండు శాతం, అంటే 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. దగ్గరి లక్ష్యం మీద కనిపించని తేడా దూరాన నిలువుగా చెదిరిన రంధ్రాలుగా బయటపడుతుంది.

అలాగని కొత్త తొడుగే మేలనుకోవడం పొరపాటు. ఒకసారి పేలిన తొడుగు ఆ తుపాకీ గది ఆకారాన్నే పొంది అందులో చక్కగా ఇముడుతుంది. నా దృష్టిలో ఇక్కడ వయసుకన్నా సమానత్వం ముఖ్యం. అందుకే శ్రద్ధగల గురికాళ్లు ఒకే తయారీకి చెంది, ఒకే లెక్కన వాడిన తొడుగులను విడిగా ఉంచి, మెడనూ, దాని కింద వెడల్పయ్యే భుజాన్నీ అప్పుడప్పుడు వేడిచేసి మెత్తబరుస్తారు.

ఈ వేడి చేయడానికి మన దేశంతో ముడిపడిన చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాలు వాటంతట అవే చిట్లిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చేసిన పని అది. ఆ కారణం 1921లో స్పష్టమైంది. వేడితో బిగువును సడలిస్తే ఆ బెడద తగ్గుతుంది.

అయితే ఆ వేడి తొడుగు అడుగుకు చేరకూడదు. పేలుడు ఒత్తిడిని మోసేది అడుగే కాబట్టి అది గట్టిగానే ఉండాలి. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది కానీ, ఇత్తడికి ఆ గుణం లేదు. చల్లగా ఉండగా కొట్టి, నొక్కి మాత్రమే దాన్ని గట్టిపరచగలం. అడుగు ఒకసారి మెత్తబడిందంటే ఆ తొడుగును పారవేయవలసిందే.