సింగిల్ రోడ్డు పోయింది, తోక పట్టుకునే అలవాటు ఉండిపోయింది

తెల్లవారుజాము నాలుగున్నర. శ్రీకాకుళంలో బయల్దేరిన మా కారు చిలకపాలెం దాటి రణస్థలం వైపు వెళ్తోంది. స్పీడు 90 దగ్గర ఉంది. వెనక అద్దంలో రెండు లైట్లు చిన్నగా కనబడ్డాయి, చూస్తుండగానే పెద్దవయ్యాయి. ఇంకాసేపటికి అసలు కనబడటమే మానేశాయి. డిక్కీ చాటుకి, అద్దానికి అందనంత దగ్గరికి వచ్చేశాయి. మా కారు లోపలి కప్పు మాత్రం పట్టపగల్లా వెలిగిపోతోంది. ముందు టిప్పర్, ఎడమ పక్క గ్యాస్ ట్యాంకర్. తప్పుకుందామన్నా చోటు లేదు. వెనకతను డిప్పర్ కొడుతూనే ఉన్నాడు. స్టీరింగ్ పట్టుకున్న మా తమ్ముడు అద్దంలోకి చూడటం మానేసి, అద్దాన్ని పైకి తిప్పేశాడు. రెండు మూడు నిమిషాల తర్వాత ట్యాంకర్ కాస్త వెనకబడగానే ఆ కారు ఎడమ నుంచి దూరి, మా బంపర్ ముందే కట్ కొట్టి వెళ్లిపోయింది.

ఇలాంటిది చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒకటే: ‘ఇప్పటి కుర్రాళ్లకి పొగరు.’ ఆ మాటతో నాకు సమాధానం దొరకలేదు. యాభై దాటినవాళ్లు, వెనక సీట్లో మనవల్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు కూడా ఇలాగే నడపడం చూస్తున్నాను. ముందు బండి తోక పట్టుకుని నడపడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నిన్న మొన్న పుట్టింది కాదు. అది పాత రోడ్డు నేర్పిన విద్య. రోడ్డు మారింది, విద్య మారలేదు.

ఆ పాత రోడ్డు ఎలా ఉండేదో తెలియాలి. ఇప్పుడు మనం 16వ నంబరు జాతీయ రహదారి అంటున్నది 2010లో నంబర్లు మార్చేదాకా 5వ నంబరు. పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఐదో నంబర్ హైవే’ అనే అంటారు. ఇచ్ఛాపురం దగ్గర ఒడిశా నుంచి వచ్చి కంచిలి, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం మీదుగా విశాఖ వైపు పోయే చెన్నై-కోల్‌కతా రోడ్డు. చాలాకాలం అది మధ్యలో డివైడర్ లేని సింగిల్ రోడ్డు. పోయే బండి, వచ్చే బండి అదే తారు మీద. ఎదురుగా పెద్ద బండి వస్తే చాలాచోట్ల ఓ పక్క చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. వర్షాకాలంలో ఆ దించడమే ఓ గండం.

మా మావయ్య సాలూరు లారీ మీద పనిచేసేవాడు. సాలూరంటే లారీల ఊరు. ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టే షెడ్లు, టైర్ల పంచర్లు, ఊరంతా లారీ మీదే బతికేది. విజయనగరం నుంచి సాలూరు, కోరాపుట్ మీదుగా రాయ్‌పూర్ పోయే రోడ్డు అప్పట్లో 43వ నంబరు, నాతవలస దగ్గర 5వ నంబరులో కలిసేది. ఒకసారి వేసవి సెలవుల్లో నన్ను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని సాలూరు నుంచి శ్రీకాకుళం తీసుకొచ్చాడు. ముందు లారీ ఎంత దగ్గరగా ఉండేదంటే, దాని వెనక చెక్క మీద రాసిన ‘సౌండ్ హారన్’లో రంగు పెచ్చులూడిన చోట్లు కూడా నాకు కనబడేవి. మావయ్య హారన్ కొడతాడు. ముందు లారీ డ్రైవర్ కిటికీలోంచి కుడిచెయ్యి బయటపెడతాడు. చెయ్యి చాచి ముందుకీ వెనక్కీ ఊపితే ‘ఎదర ఖాళీ, దాటెళ్లు’ అని. అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే ‘స్లో చేస్తున్నా, ఆగు’ అని. ఎడమవైపు క్లీనర్ తల బయటపెట్టి, తలుపు మీద అరచేత్తో దబదబా కొట్టి దారి చెప్పేవాడు. ఈ చేతి సైగలు వాళ్లు సొంతంగా కల్పించుకున్నవి కావు, రోడ్డు నియమాల్లోనే ఉన్నాయి.

అప్పుడు దగ్గరగా ఉండటానికి ఓ కారణం ఉంది. ఎదురు నుంచి బండ్లు రాని సందు కొన్ని సెకన్లే దొరికేది. ఆ సందు పోతే మళ్లీ రెండు మూడు కిలోమీటర్లు పొగ మింగుతూ వెనకే పోవాలి. దూరంగా ఉన్నవాడు దాటలేడు, అంటిపెట్టుకున్నవాడు దాటగలడు. పైగా లోడు లారీ వేగం గంటకి 40 దగ్గరే ఉండేది. దూరం తక్కువున్నా మధ్యలో మనిషి ఉన్నాడు, అతని చెయ్యి ఉంది, మాట ఉంది. ఆ రోజుల్లో ప్రమాదాలు తక్కువని అనడం లేదు. ఎదురెదురుగా గుద్దుకుని క్యాబిన్లు నుజ్జయిన లారీలు రోడ్డు పక్కన నెలల తరబడి పడుండేవి. కానీ వెనక అంటుకుని రావడాన్ని తప్పుగా ఎవరూ చూడలేదు. అదే డ్రైవింగు.

1999లో వాజ్‌పేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి మొదలుపెట్టింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలుపుతూ మొత్తం 5,846 కిలోమీటర్లు, అందులో చెన్నై-కోల్‌కతా భుజం 1,684 కిలోమీటర్లు. మన రెండు జిల్లాల రోడ్డూ ఈ భుజంలోదే. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న చింతచెట్లు, మామిడిచెట్లు పోయాయి. మధ్యలో డివైడర్ వచ్చింది, గన్నేరు మొక్కలు వచ్చాయి. తర్వాత నరసన్నపేట నుంచి రణస్థలం, అక్కడి నుంచి ఆనందపురం అని రెండు ముక్కలుగా ఆరు వరుసల పని కూడా జరిగింది.

బండ్లూ మారాయి. అంబాసిడర్ 80 దాటితే తలుపులు గలగలలాడేవి. ఇప్పుడు మామూలు ఇంటి కారు 120లో కూడా చప్పుడు చెయ్యదు. లోపల ఏసీ, పాటలు, అద్దాలు మూసి ఉంటాయి. ముందు డ్రైవర్ చెయ్యి బయటికి రాదు, వచ్చినా అర్థం చేసుకునేవాళ్లు లేరు. సైగ పోయి డిప్పర్ మిగిలింది. సైగలో ఆగమనీ చెప్పొచ్చు, వెళ్లమనీ చెప్పొచ్చు. డిప్పర్‌కి తెలిసిన మాట ఒక్కటే, తప్పుకో అని.

లెక్క చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. గంటకి 40 మీద బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. 100 మీద దాదాపు 28 మీటర్లు. ముందు బండి బ్రేకు లైటు చూసి, అర్థమై, కాలు బ్రేకు మీదికి చేరేసరికి సెకను, సెకనున్నర గడిచిపోతుంది. అంటే 100 స్పీడులో బ్రేకు పడకముందే 28 నుంచి 42 మీటర్లు వెళ్లిపోయాం. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 40 నుంచి 100కి వెళ్తే రెండున్నర రెట్లు కాదు, ఆరు రెట్ల పైనే. మా వెనక వచ్చిన కారుకీ మాకూ మధ్య నాలుగైదు మీటర్లుంటే గొప్ప. మా ముందు టిప్పర్ ఏ గేదె అడ్డొచ్చో బ్రేకు వేసుంటే, అతని కాలు కదిలే లోపే రెండు కార్లూ ఒకటయ్యేవి.

బ్రేకులు గట్టివైతే మంచిదే కదా అనిపిస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. కానీ మన కారు చటుక్కున ఆగుతుంది, మన వెనక వచ్చే గ్రానైట్ లోడు లారీ ఆగదు. మనం ముందు బండికి దూరం ఉంచుకుంటే బ్రేకు మెల్లగా వేసే వీలుంటుంది, వెనక లారీకి కూడా టైము దొరుకుతుంది. ముందు వదిలిన ఖాళీ మన వెనకవాడిని కూడా కాపాడుతుంది.

చట్టంలో ఇది లేదనుకోవద్దు. 1989 రోడ్డు నియమాల్లో 23వది సరిగ్గా ఇదే: ముందు బండి హఠాత్తుగా స్లో అయినా, ఆగినా గుద్దుకోకుండా ఉండేంత దూరం వెనక బండి పాటించాలి. 2017లో వచ్చిన కొత్త డ్రైవింగ్ నిబంధనలూ ఆ మాట నిలబెట్టాయి. 2018లో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకి 100, సరుకు లారీలకి 80 గరిష్ఠ వేగంగా పెట్టారు. 2019 సవరణలో ప్రమాదకర డ్రైవింగ్‌కి తొలిసారి జరిమానా వెయ్యి నుంచి 5 వేలు, జైలు కూడా పడొచ్చు. అయితే వేగాన్ని పట్టుకునే గన్ హైవే మీద ఉంది. దూరాన్ని కొలిచి చలానా రాయడం మన రోడ్ల మీద నేనెప్పుడూ చూడలేదు. జర్మనీలో వంతెనల మీద కెమెరాలు పెట్టి బండికీ బండికీ మధ్య దూరం కొలుస్తారు. స్పీడోమీటర్ అంకెలో సగం మీటర్లయినా ఖాళీ ఉండాలన్నది అక్కడి లెక్క, అంటే 100 మీద 50 మీటర్లు. మనకి కొలిచేవాడు లేడు కాబట్టి అది తప్పని కూడా చాలామందికి తెలియదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. అన్నిటికన్నా ఎక్కువ వాటా వెనక నుంచి గుద్దిన ప్రమాదాలదే, 21.4 శాతం. ఎదురెదురుగా గుద్దుకున్నవి 16.9 శాతం. మా మావయ్య భయపడిన ప్రమాదం రెండో స్థానానికి వెళ్లింది. డివైడర్ దాన్ని కొంత ఆపింది. వెనక నుంచి వచ్చేదాన్ని ఏ డివైడర్ ఆపుతుంది?

మన జిల్లా ఈ హైవే మీద పోగొట్టుకున్నవాళ్లలో ఎర్రన్నాయుడు గారు ఉన్నారు. శ్రీకాకుళం నుంచి నాలుగుసార్లు ఎంపీ, కేంద్రంలో గ్రామీణాభివృద్ధి మంత్రిగా చేసిన మనిషి. విశాఖ వైపు పెళ్లికి వెళ్లి రాత్రి తిరిగొస్తుండగా 2012 నవంబరు 2 తెల్లవారకముందే రణస్థలం మండలం దండానపేట దగ్గర ఆయన కారు ట్యాంకర్‌ని ఢీకొంది. ఆ పొద్దున జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా అదే మాట. ఆ తర్వాత చాలా ఇళ్లలో ‘రాత్రి ప్రయాణం వద్దు, తెల్లారాక బయల్దేరు’ అనడం మొదలైంది. మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

తప్పంతా వెనకవాడిదే అనను. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఒక్కసారి ఎడమ వరుసలో నడిపి చూడండి. ఓ చోట పంచరైన లారీ, దాని వెనక హెచ్చరికగా నాలుగు రాళ్లు, ఓ చెట్టుకొమ్మ. ఇంకోచోట రాంగ్ సైడులో వచ్చే బైకు, దాని మీద గడ్డిమోపు. పంట రోజుల్లో రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం. జంక్షన్‌లో అడ్డంగా ఆగిన ఆటో. ఇవన్నీ తప్పించుకోలేక లోడు లారీ డివైడర్ పక్కన కుడి వరుస పట్టుకుని 60 మీద పోతుంది. ఆ వరుస దాటేవాళ్లది. వెనక 100 మీద వచ్చే కారుకి దారి లేదు. అతను మా మావయ్య చేసిందే చేస్తాడు, తోక పట్టుకుని సందు కోసం చూస్తాడు. లారీ కదలకపోతే ఎడమ నుంచి దూరతాడు. ఆ ఎడమలో పంచరైన లారీ ఉంటుంది. పేపర్లలో మనం రోజూ చదివే ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’ వార్తలు చాలావరకు ఇలాగే తయారవుతాయని నా అనుమానం. లారీల వెనక అడ్డంగా ఉండాల్సిన ఇనుప బద్దె వంగిపోయో, ఊడిపోయో ఉంటే కారు ముందు భాగం లారీ కిందికి దూరిపోతుంది. అప్పుడు బెల్టూ బెలూనూ ఉన్నా పెద్దగా ప్రయోజనం ఉండదు.

భోగి ముందు రెండు రాత్రులు మరీ భయం. పనుల కోసం హైదరాబాద్, విజయవాడ, చెన్నై వలసపోయిన ఉద్దానం మనుషులు, రాజాం మనుషులు, పలాస మనుషులు అందరూ ఒక్కసారే ఇంటికి బయల్దేరతారు. అద్దె కార్లలో ఏడుగురెక్కే చోట తొమ్మిది మంది. 12, 14 గంటలు ఒకడే నడుపుతాడు. ఆ చివరి వంద కిలోమీటర్లలోనే పొగమంచు, నిద్ర, ‘ఇంకెంత, వచ్చేశాం’ అన్న తొందర. మంచులో డ్రైవర్లు ముందు బండి ఎర్రలైటు పట్టుకుని వెనకే పోతారు, అదే దారి చూపిస్తుందని. ఆ లైటు కనబడుతోందంటే ఎంత దగ్గరున్నామో ఆలోచించే ఓపిక ఆ టైములో ఎవరికీ ఉండదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వచ్చాక దెబ్బ తగిలిన వాళ్లు ఆస్పత్రికి చేరడం మెరుగైంది. కానీ తలకి దెబ్బంటే చాలాసార్లు శ్రీకాకుళం నుంచి విశాఖ కేజీహెచ్‌కి పంపుతారు, మళ్లీ అదే హైవే మీదుగా.

నాకు ఆశ కలిగించేది ఒకటుంది, సాలూరు ఘాట్. అదే లారీ, అదే డ్రైవర్, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ముందు లారీకి ఓ మలుపు దూరం వదులుతాడు. దాని బ్రేకు ఫెయిలైతే తనేమవుతాడో, తన బ్రేకు ఫెయిలైతే అదేమవుతుందో అతనికి తెలుసు. ఎవరూ చలానా రాయక్కర్లేదు. లోయ కళ్లెదుటే ఉంటుంది. మైదానంలో ఆ లోయ కనబడదు, ముందు బండికీ మనకీ మధ్య ఆ నాలుగు మీటర్లలోనే దాక్కుని ఉంటుంది.

దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు. ముందు బండి ఏ కరెంటు స్తంభాన్నో, కిలోమీటరు రాయినో దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు’ అనుకోవాలి. అనడం పూర్తయ్యేలోపు మనం ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే దగ్గరున్నట్టే. వానలో, మంచులో ‘వెయ్యిన్నాలుగు’ దాకా అనుకోవాలి. మా తమ్ముడికి ఇది చెప్తే, ఆ ఖాళీలోకి ఇంకో కారు దూరుతుంది కదా అన్నాడు. దూరుతుంది. దూరిన ప్రతిసారీ మళ్లీ కాస్త వెనక్కి తగ్గాలి. శ్రీకాకుళం నుంచి విశాఖకి పది కార్లు దూరినా మనకి పోయేది అరనిమిషం.

ఇది ఎవరు నేర్పాలి? మొన్న మా అన్నయ్య కూతురు లైసెన్సు తీసుకుంది. కంప్యూటర్ మీద గుర్తుల పరీక్ష, ఆ తర్వాత ట్రాక్ మీద ముందుకీ వెనక్కీ హెచ్ ఆకారంలో తిప్పడం. కారు 20 దాటలేదు. వెనక బండి లేదు, ముందు బండి లేదు. పాసైంది, అందరం స్వీట్లు తిన్నాం. ఆ ఆదివారం విజయనగరం నుంచి నాతవలస దాకా తనే నడిపింది. జంక్షన్‌లో శ్రీకాకుళం వైపు తిరిగి హైవే ఎక్కగానే వెనక ఓ బస్సు డిప్పర్ కొట్టింది. ‘ఇప్పుడేం చెయ్యాలి బాబాయ్?’ అని నన్నడిగింది.