పేషెంట్ తాలూకు ఎవరు?

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వైపు పొద్దున్నే వెళ్తే, రోగులకంటే వాళ్ళ వెంట వచ్చినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఒక చేతిలో రిపోర్టుల కవరు, ఇంకో చేతిలో టిఫిన్ క్యారేజీ. ఏ ఆసుపత్రికి వెళ్ళినా వాళ్ళకి ఒకటే పేరు: 'పేషెంట్ తాలూకు'. మందులు తేవాలన్నా, సంతకం పెట్టాలన్నా ఆ కేకే వినిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా పిన్ని ఏడాదిన్నర అలా 'తాలూకు'గా బతికింది. బాబాయికి ఊపిరితిత్తుల క్యాన్సర్. బయటపడేసరికే కాలేయానికి పాకింది. తన బీపీ మాత్రలు ఎప్పుడు మానేసిందో పిన్నికే గుర్తులేదు.

సేవ చేసేవాళ్ళ అలసటని మనం మనసుకి సంబంధించిన సంగతి అనుకుంటాం. అది ఒంట్లోకి కూడా దిగుతుంది. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం చేశారు. మతిమరుపు జబ్బున్న బంధువులని చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్ళని, అదే వయసులో ఆ బాధ్యత లేని 13 మందిని తీసుకుని, అందరి చేతి మీదా 3.5 మిల్లీమీటర్ల గాయం చేశారు. మామూలు వాళ్ళకి అది సగటున 39 రోజుల్లో మానింది. సేవ చేస్తున్నవాళ్ళకి దాదాపు 49 రోజులు పట్టింది. గాయం మానడానికి కావాల్సిన ఒక రసాయన సంకేతాన్ని వాళ్ళ రోగనిరోధక కణాలు తక్కువగా తయారు చేస్తున్నాయని కూడా తేలింది. అది క్యాన్సర్ ఇళ్ళలో చేసిన ప్రయోగం కాదు, మనుషులూ కొద్దిమందే. కానీ నెలల తరబడి టెన్షన్ ఒంటిని ఏం చేస్తుందో ఇంత సూటిగా చూపించినవి తక్కువ.

మా ఇంట్లో అసలు యుద్ధం అన్నం దగ్గర జరిగేది. పిన్ని పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మెత్తగా పప్పన్నం, సాయంత్రం దానిమ్మ రసం. బాబాయి రెండు ముద్దలు తిని మొహం తిప్పుకునేవాడు. 'నా వంటే సరిగా లేదేమో' అని పిన్ని, 'సరిగా పెట్టట్లేదు' అని చూడ్డానికొచ్చిన చుట్టాలు. ముదిరిన క్యాన్సర్‌లో చాలామందికి కెకెక్సియా అనే స్థితి వస్తుంది. కణితి వల్ల ఒంట్లో పుట్టే వాపు సంకేతాలు మెదడులో ఆకలిని అణిచేస్తాయి, కండని కరిగిస్తాయి. అది మామూలు పస్తు లాంటిది కాదు. ఎంత బలమైన తిండి పెట్టినా పూర్తిగా వెనక్కి రాదు. ఇదంతా ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఎన్ని కన్నీళ్ళు తగ్గేవో. కీమో ఎన్ని సైకిళ్ళో చెప్పారు గానీ ఇది మాత్రం చెప్పలేదు.

ఇక రాత్రులు. నొప్పికి నోటితో వేసుకునే మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది. అందుకని పిన్ని రాత్రి రెండింటికి అలారం పెట్టుకునేది. పడుకునే ముందు మోతాదు రెట్టింపు చేసి నడిరాత్రి మాత్ర తప్పించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట. ఆ సంగతి మాకు మూడు నెలల తర్వాత తెలిసింది.

దీనికి తోడు అబద్ధం. బాబాయికి జబ్బు పేరు చెప్పొద్దని అందరం కలిసి నిర్ణయించాం. ఫోన్ వస్తే బాల్కనీలోకి, రిపోర్టు వస్తే బీరువాలోకి. ఆయనకి తెలుసనే నా అనుమానం. దాచే బరువంతా పిన్నిదే.

ఈ బరువుని కొలవడానికి జరిట్ ప్రశ్నావళి అని ఒకటుంది. 1980లో మొదలైంది, ఇప్పుడు వాడేదాంట్లో 22 ప్రశ్నలుంటాయి. మన ఇళ్ళలో దానికి ఒక చిక్కు. 'మీకు భారంగా ఉందా?' అనడిగితే 'మా ఆయన నాకు భారమేంటండీ' అంటారు. నిద్ర గురించి, నడుం నొప్పి గురించి అడిగితే మాత్రం నిజం చెబుతారు.

అడిగితే ఫలితం ఉంటుంది కూడా. 2015లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ముదిరిన క్యాన్సర్ రోగుల ఇంటివాళ్ళకి నర్సులు ఫోన్‌లో ధైర్యం, సలహా ఇచ్చారు. మొదట్లోనే ఆ సాయం అందినవాళ్ళకి, మూడు నెలలు ఆలస్యంగా అందినవాళ్ళకంటే కుంగుబాటు తగ్గింది. నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించే ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, ఇంటివాళ్ళని కూడా తన లెక్కలోకి తీసుకుంటుంది. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. గుబులుగా ఉన్నప్పుడు తెలుగులోనే మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం.

మా ఇంటికి ఆ వైద్యం చివరి రెండు నెలల్లో వచ్చింది. మొదటిరోజు నర్సమ్మ బాబాయికి అన్నీ చూశాక, పిన్ని చేయి పట్టుకుని బీపీ పట్టీ చుట్టింది. 170 చూపించింది. 'నాకెందుకమ్మా' అని పిన్ని చేయి లాక్కోబోతుంటే, మంచం మీంచి బాబాయి అన్నాడు: "చూడనియ్యవే. నాదెలాగూ అయిపోవచ్చింది."

ఆ రోజు నుంచీ రిపోర్టులు బీరువాలో పెట్టడం మానేశాం.