ప్లేట్ మీద ఏమీ పెరగలేదంటే అక్కడ ఏమీ లేదని కాదు

ల్యాబ్ రిపోర్ట్‌లో "నో గ్రోత్" అని కనిపిస్తే హమ్మయ్య, సూక్ష్మజీవులేం లేవు అనుకుంటారు చాలామంది. నిజానికి మనం పెట్టిన తిండి మీద, ఆ వేడిలో, ఆ గాలిలో, అన్ని రోజుల్లో ఏదీ పెరగలేదు, అంతవరకే. మట్టిలో మైక్రోస్కోప్‌కి కనిపించే కణాల్లో మామూలు ప్లేట్ (సూక్ష్మజీవులకి తిండి పోసిన గాజు లేదా ప్లాస్టిక్ పళ్లెం) మీద కాలనీ, అంటే కంటికి కనిపించే గుంపు, కట్టేవి నూటికి ఒకటి ఉంటే గొప్ప.

ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా అయితే ఏ పేచీ లేదు. కాస్త గ్లూకోజ్, అమ్మోనియా, ఫాస్ఫేట్, సల్ఫేట్, మెగ్నీషియం, చిటికెడు ఐరన్ ఉంటే చాలు, అమైనో ఆసిడ్లూ విటమిన్లూ అన్నీ తనే తయారు చేసుకుంటుంది, అదే మంచి మీడియంలో (సూక్ష్మజీవుల కోసం మనం వండే తిండి) వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచితే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది.

హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే బ్యాక్టీరియా అలా కాదు, దానికి హీమ్ (రక్తంలో ఉండే ఐరన్ పదార్థం), ఎన్‌ఏడీ (కణాలు శక్తి తయారీలో వాడే అణువు) రెండూ బయటనుంచే అందాలి. గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్ (అగార్ అంటే మీడియంని గట్టిపరిచే జెల్లీ) మీద వేసినా సరిగా పెరగదు, ఎందుకంటే ఎన్‌ఏడీ ఎర్రకణాల లోపలే ఉండిపోతుంది. అదే ప్లేట్ మీద స్టెఫైలోకాకస్ (స్టెఫ్) అనే ఇంకో బ్యాక్టీరియాని ఒక గీతలా రాసి మర్నాడు చూడండి, ఆ గీతని ఆనుకుని సన్నటి మంచుబొట్ల లాంటి హీమోఫిలస్ కాలనీలు వరసగా ఉంటాయి, కాస్త దూరం జరిగితే ఖాళీ. స్టెఫ్ ఎర్రకణాల్ని పగలగొడుతుంది, ఎన్‌ఏడీ కూడా వదులుతుంది, పక్కనున్నది దాంతో బతికేస్తుంది. ఇది నాకెప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

ఇలాంటి అవసరం తెలియకపోతే ఎంత కష్టమో 1976లో ఫిలడెల్ఫియాలో తెలిసొచ్చింది. అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశం తర్వాత 200 మందికి పైగా న్యుమోనియా వచ్చింది, 34 మంది చనిపోయారు, మామూలు మీడియంల మీద మాత్రం ఏ బ్యాక్టీరియా దొరకలేదు. 1977 జనవరికి గానీ సీడీసీలో (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) జోసెఫ్ మెక్‌డేడ్ ఆ బ్యాక్టీరియాని పట్టుకోలేకపోయాడు, అదీ గినీపందుల్లో, గుడ్లలో పెంచి. లీజియొనెల్లా అని పేరు పెట్టిన దానికి సిస్టీన్ అనే అమైనో ఆసిడ్ కావాలి, ఐరన్ బాగా కావాలి, పీహెచ్ 6.9 దగ్గరే ఉండాలి. ఇప్పుడు వాడే దాని మీడియం నల్లగా ఉంటుంది, అందులో బొగ్గుపొడి కలుపుతారు కాబట్టి. ఆ బొగ్గు తిండి కాదు, మీడియంలో పుట్టే పెరాక్సైడ్ లాంటి విషాల్ని లాగేయడానికి.

అవును, మనం వండిన మీడియమే విషం పుట్టించగలదు. 2014లో జపాన్ పరిశోధకులు చూపించిందేంటంటే, ఫాస్ఫేట్‌నీ అగార్‌నీ కలిపి ఆటోక్లేవ్ చేస్తే (అంటే ఒత్తిడితో ఆవిరిలో ఉడికించి క్రిములు లేకుండా చేస్తే) హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది, రెండిటినీ విడివిడిగా ఆటోక్లేవ్ చేసి ఆ తర్వాత కలిపితే అదే శాంపిల్ నుంచి కాలనీలు బాగా ఎక్కువ వచ్చాయి. అంటే అన్నేళ్లుగా అందరూ చేసిన మీడియంలో పోషకాలకి లోటేం లేదు, వంట పద్ధతిలోనే ఉంది తేడా.