తిరిగే రైలు వంతెనలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని నార్వాక్ నగరంలో నది మీద 1896లో కట్టిన రైలు వంతెన పడవలకు దారి ఇవ్వడానికి పక్కకు తిరిగేది. కదిలే వంతెనల నిర్వహణే నా పని కాబట్టి, ఇలాంటి వాటి గురించి తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: అంత ఇనుమును తిప్పాలంటే మహా శక్తి కావాలి.
అక్కర్లేదు. రెండు వైపులా బరువు సమంగా ఉండి నడిమి స్తంభం మీద తూగుతుంది. యంత్రం దాన్ని ఎత్తదు, ఒరిపిడినీ గాలినీ గెలిస్తే చాలు. చాలా పాత వంతెనలను అవసరమైతే మనుషులే కడ్డీలు తోసి తిప్పేవారు.

అపోహ: రైలు వెళ్తున్నప్పుడూ భారమంతా నడిమి స్తంభానిదే.
వంతెన తెరిచి ఉన్నంతసేపే అది నిజం. మూశాక రెండు కొసల కిందికీ ఏటవాలు ఉక్కు దిమ్మెలు దూరతాయి. వీటిని వెడ్జీలంటాం. అవి కొసలను కాస్త పైకెత్తి పట్టుకుంటాయి. ఎందుకంటే రైలు ఒక కొసకు రాగానే రెండో కొస లేవాలని చూస్తుంది. ముందే ఎత్తి బిగించి ఉంచితే అది ఆధారాన్ని వదలదు. వెడ్జీలు సరిగా దూరకపోతే ఆ కొస దబదబా కొట్టుకుంటుంది. ఆ చప్పుడుకు నాకు ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి.

అపోహ: తెరవడమే కష్టం.
మూయడమే అసలు పరీక్ష. రెండు వైపుల పట్టాలూ అతుకు దగ్గర కచ్చితంగా కలవాలి. ఎండకు ఉక్కు సాగితే కొసల దగ్గర సందు తగ్గి ఇరుక్కుంటుంది. న్యూజెర్సీలో 1910 నాటి పోర్టల్ వంతెన మొరాయిస్తే సిబ్బంది సమ్మెటలతో పట్టాలను సర్దిన సందర్భాలున్నాయి. నార్వాక్ వంతెన 2014లో కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు తెరుచుకుని మూసుకోలేదు.

అపోహ: వంతెన తెరిచి ఉంటే డ్రైవరుకు కనిపిస్తుంది కదా!
1853 మే 6న అదే నార్వాక్‌లో, అంతకు ముందున్న వంతెన దగ్గర, డ్రైవరు సంకేతాన్ని గమనించలేదు. రైలు నదిలో పడి 40 మందికి పైగా చనిపోయారు. అందుకే ఈ రోజుల్లో మనిషి కంటిని నమ్ముకోం. పట్టాలు కలిసి, తాళాలు పడితేగాని సిగ్నల్ దారి ఇవ్వదు.

అపోహ: వీటికి కాలం చెల్లింది.
సూయజ్ కాలువ మీద 340 మీటర్ల ప్రధాన స్పాన్‌తో (స్పాన్ అంటే రెండు ఆధారాల మధ్య భాగం) తిరిగే ఎల్ ఫెర్దాన్ రైలు వంతెన 2001లో వచ్చింది. అయితే ఇరుకు నదుల్లో నడిమి స్తంభం ఓడలకు అడ్డమే. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో విల్లామెట్ నది మీద రైలు వంతెనలో 1908 నాటి తిరిగే భాగాన్ని 1989లో తీసేసి, నిలువుగా పైకి లేచే స్పాన్ పెట్టారు.