జర్మన్ పదాలంటే ఎందుకంత భయం? కొన్ని అపోహలు, వాస్తవాలు

జర్మన్ నేర్పడం నా పని. కొత్త బ్యాచ్ మొదలైన వారంలోపే ఎవరో ఒకరు ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన ఒక పదం చూపించి "మేడమ్, ఇది నిజంగా ఒకటే పదమా?" అని అడుగుతారు. ఎప్పుడూ అదే పదం: రింట్‌ఫ్లైష్‌ఎటికెటీరుంగ్స్‌యూబర్‌వాఖుంగ్స్‌ఆఉఫ్‌గాబెన్‌యూబర్‌ట్రాగుంగ్స్‌గెజెట్స్. జర్మన్‌లో రాస్తే 63 అక్షరాలు. ఆ ఫార్వర్డ్ ఎవరు మొదలుపెట్టారో గానీ నాకు ప్రతిసారీ ఒక క్లాసు దానికే పోతుంది.

అపోహ: జర్మన్లు ఇలాంటి పదాలతోనే మాట్లాడుకుంటారు.

ఎవరూ మాట్లాడుకోరు. అది మెక్లెన్‌బుర్గ్-ఫోర్పొమ్మెర్న్ అనే రాష్ట్రం 1999లో చేసిన ఒక చట్టం పేరు. 2013లో ఆ చట్టాన్నే ఎత్తేశారు. ముక్కలు విడదీసి, వరస మార్చకుండా తెలుగులో పెట్టి చూడండి: గొడ్డుమాంసం లేబుళ్ళ పర్యవేక్షణ బాధ్యతల బదలాయింపు చట్టం. ఇది మన ప్రభుత్వ జీవోలో కనపడితే మనం నోరెళ్ళబెడతామా? మనం మధ్యలో ఖాళీలు వదిలాం, వాళ్ళు వదల్లేదు, అంతే. ఇంగ్లీషు కూడా 'లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఏజెంట్' అని నాలుగు నామవాచకాలు పేరుస్తుంది గానీ విడివిడిగా రాస్తుంది కాబట్టి ఎవరికీ పొడుగ్గా అనిపించదు.

ఇంకోటి, టర్కిష్ కూడా ఇంతేగా అంటుంటారు. కాదు. టర్కిష్‌లో ఒక మాటకి వెనక ప్రత్యయాలు తగిలిస్తూ పోతారు, మనం 'ఇళ్ళల్లోంచి' అన్నట్టు. జర్మన్ పొడుగు ఎక్కువగా విడిగా బతకగలిగిన మాటలు ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల వచ్చింది. మన బళ్ళో సమాసం అని చెప్పింది దీన్నే.

అపోహ: పొడుగు పదాన్ని చివర్నుంచి చదవాలి.

ఇది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే చిట్కా. నర్సింగ్ చదివి జర్మనీ వెళ్ళడానికి నా దగ్గర చేరిన ఒకమ్మాయి ఒకరోజు 'బ్లూట్‌డ్రుక్‌మెస్‌గెరేట్' దగ్గర ఆగిపోయింది. ఏదో వీడియోలో చెప్పారట, వెనకనుంచి వస్తోంది: పరికరం, కొలత, ఒత్తిడి, రక్తం... అన్నీ విడిగా తెలుసు, కలిపి అర్థం మాత్రం రావట్లేదు. "తల్లీ, ముందునుంచే చదువు, ఒక్కో ముక్క కింద తెలుగు రాసుకో" అన్నాను. రక్తం, పోటు, కొలిచే, పరికరం అని రాసుకుంది. ఒక్క క్షణం చూసి "అయ్యో, బీపీ మిషనా!" అంది.

అసలు మాట చివర, దాని వివరం ముందు. ఇది తెలుగు వరసే. ఫ్రెంచివాళ్ళు ముందు 'మషీన్' అని తర్వాత 'ఆ లావే' అంటారు, అంటే మిషన్ ముందొచ్చి ఉతకడం వెనకొస్తుంది. జర్మన్‌లో 'వష్‌మషీనె', మనకి ఉతికే మిషన్. ఇంత దగ్గరి దారి ఉండగా ఇంగ్లీషు చుట్టూ తిరిగి రావడం దేనికి? చివరి ముక్క చూడాల్సింది లింగం కోసం, బహువచనం కోసం. హౌస్ నపుంసకం, ట్యూర్ స్త్రీలింగం, కాబట్టి హౌస్‌ట్యూర్ (వీధి తలుపు) స్త్రీలింగం. సంస్కృత తత్పురుష సమాసంలోనూ లింగం ఉత్తరపదానిదే, అంటే చివరి మాటదే.

కాకపోతే ముక్క ఎక్కడ విరగ్గొడుతున్నామో చూసుకోవాలి. 'బ్లూమెన్ టోప్ఫ్ ఎర్డె' అంటే పూలకుండీ మట్టి. కలిపి రాశాక 'బ్లూమెంటో ప్ఫేర్డె' అని విరిస్తే చివర గుర్రాలు తేలతాయి. బ్లూమెంటో జాతి గుర్రాలేవో ఉన్నాయని జర్మన్ల దగ్గర పాత జోకు. 'ష్టౌ బెకెన్' అంటే నీళ్ళు నిలవచేసే జలాశయం, అదే అక్షరాల్ని 'ష్టౌప్ ఎకెన్' అని విరిస్తే దుమ్ము పట్టిన మూలలు.

అపోహ: సమాసంలో రెండు మాటల మధ్యలో వచ్చే 'స్' షష్ఠీ విభక్తి.

చారిత్రకంగా కొన్నిటికి అక్కడినుంచే వచ్చింది, కానీ ఇప్పుడది వట్టి అతుకు. 'అర్బైట్స్‌జిమ్మర్' (పనిచేసుకునే గది) తీసుకోండి. అర్బైట్ స్త్రీలింగం, దాని షష్ఠికి 'స్' రానే రాదు, అయినా ఇక్కడుంది. 'కిండర్‌జిమ్మర్'లో 'కిండర్' అంటే పిల్లలు, ఇంట్లో ఒక్క పిల్లాడే ఉన్నా ఆ గదిని అలాగే అంటారు. మనం ఇల్లుపేరు అనం, ఇంటిపేరు అంటాం. కన్నుచూపు అనం, కంటిచూపు అంటాం. కాకపోతే మన 'ఇంటి' ఇంటికి, ఇంటితో అని బయట కూడా పనికొస్తుంది, వాళ్ళ అతుకు సమాసం దాటి రాదు. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్‌తో ముగిసే మాటకి ఇంకోటి అతికితే 'స్' వస్తుంది, ఇది గుర్తుంచుకోండి. మిగతావి వాడకంలో పట్టుబడతాయి, బట్టీ పట్టి టెన్షన్ పడొద్దు.

అపోహ: ముక్కలు తెలిస్తే అర్థం తెలిసినట్టే.

'ఒలీవెన్‌ఓల్' అంటే ఆలివ్‌ల నుంచి తీసిన నూనె. మరి 'బేబీఓల్'? భయపడకండి, పిల్లలకి రాసే నూనె. మనకి కొబ్బరినూనె, తలనూనె ఉన్నట్టే, రెండు మాటల మధ్య సంబంధమేంటో సమాసం చెప్పదు, మన ఇంగితం చెప్పాలి. 'క్రాంకెన్‌ష్వెస్టర్' అంటే రోగిష్టి అక్క కాదు, నర్సు. (2020 నుంచి కొత్తగా చదివినవాళ్ళ అధికారిక హోదా 'ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ', కానీ పాత మాట జనం నోట్లో ఇంకా ఉంది.) 'డిక్‌కోప్ఫ్' అంటే లావు తల, నిజానికి మొండిమనిషి. ముక్కంటి అంటే మూడు కళ్ళు కాదు, అవి ఉన్నవాడు, అలాగన్నమాట. జర్మన్ వ్యాకరణవేత్తలు కూడా ఈ రకాన్ని బహువ్రీహి అనే అంటారు, మన మాటే.

అపోహ: అమ్మాయిని నపుంసకలింగం చేశారు, ఇదేం భాష!

'మేట్‌షెన్'లో 'షెన్' చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం, అది తగిలితే ఏదైనా నపుంసకమే. అయినా అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అనేవాళ్ళం మనం, మనమా నవ్వేది?

అపోహ: క్రియల ముందు వచ్చేవి చిన్న ముక్కలే, వదిలేసినా పర్లేదు.

ష్టేయెన్ అంటే నిలబడటం. ఫెర్‌ష్టేయెన్ అర్థం కావడం, ఎంట్‌ష్టేయెన్ పుట్టుకురావడం, గెష్టేయెన్ నేరం ఒప్పుకోవడం. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయని తెలిసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు. మన ఉపసర్గ మాత్రం ధాతువుని వదిలి వెళ్ళదు, జర్మన్‌లో కొన్ని వాక్యం చివరికి వెళ్ళి కూర్చుంటాయి. 'ఉమ్‌ఫారెన్'కి రెండు అర్థాలు. 'ఫా'ని నొక్కి పలికి 'ఇష్ ఉమ్‌ఫారె డెన్ హుంట్' అంటే కుక్కని తప్పించి పక్కనుంచి వెళ్తున్నాను. 'ఇష్ ఫారె డెన్ హుంట్ ఉమ్' అంటే కుక్కని గుద్దేస్తున్నాను.