అభ్రకపు రేకు దాటిన ఆల్ఫా కణం: పరమాణు నమూనాల నేపథ్యం

ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం ప్రాంతాల్లో గనుల నుంచి తీసిన అభ్రకాన్ని పొరలుగా చీల్చి, మందాన్ని బట్టి, మచ్చలను బట్టి వేరు చేయడం తరాలుగా ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. విద్యుత్తును పోనివ్వని ఈ ఖనిజం ఎలక్ట్రికల్ పరికరాల కోసం విదేశాలకు ఎగుమతైన సంగతి ఇక్కడివారికి తెలిసిందే. పరమాణువు లోపల ఏముందో తేల్చిన ప్రయోగాల్లోనూ అభ్రకానికి చోటుందన్న విషయం మాత్రం ఈ ప్రాంతపు పిల్లలకు సైతం పెద్దగా తెలియదు.

బడిలో డాల్టన్, థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ అన్న పేర్లు వరుసగా వస్తాయి. ఒకరి ఊహ కంటే మరొకరి ఊహ మెరుగైనందువల్ల నమూనాలు మారాయన్న భావన విద్యార్థుల్లో మిగిలిపోతుంది. నిజానికి ప్రతి మార్పు వెనుకా, పాత నమూనాలో ఇమడని ఒక కొలత ఉంది.

కణాదుడు, డెమోక్రిటస్ పరమాణువును తర్కంతో చేరుకోగా, డాల్టన్ 1803-1808 మధ్య దానికి తూకం ఆధారం చూపాడు. ఒకే బరువు కార్బన్‌తో కలిసే ఆక్సిజన్ ఒక వాయువులో ఒక వంతు ఉంటే, మరో వాయువులో సరిగ్గా రెండు వంతులు ఉంటుంది. విడదీయరాని కణాలు ఉన్నాయనుకుంటే తప్ప ఇంత కచ్చితమైన నిష్పత్తి ఎందుకొస్తుందో చెప్పడం కష్టం. 1897లో థామ్సన్ కాథోడ్ కిరణాలను, అంటే చాలా తక్కువ వాయువు ఉన్న గొట్టంలో ఋణ ధ్రువం నుంచి వెలువడే కిరణాలను, కొలిచి, ఏ వాయువు వాడినా, ఏ లోహం వాడినా అదే తేలికైన ఋణావేశ కణం, ఎలక్ట్రాన్, వస్తోందని చూపడంతో, విడదీయరానిదన్న మాట నిలవలేదు. పుచ్చకాయలో గింజల్లా ధనావేశంలో ఎలక్ట్రాన్లు పొదిగి ఉంటాయన్న చిత్రం అలా వచ్చింది.

అభ్రకం ఇక్కడే రంగంలోకి వస్తుంది. 1906లో కెనడాలోని మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ రేడియోధార్మిక పదార్థాల నుంచి వేగంగా వెలువడే ధనావేశ కణాలైన ఆల్ఫా కణాల దారిలో సుమారు 0.003 సెంటీమీటర్ల మందం గల అభ్రకపు రేకును అడ్డం పెట్టి, అవతల ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద పడిన గీతను పరిశీలించాడు. రేకు దాటి వచ్చిన చోట గీత అంచులు చెదిరి ఉన్నాయి. కొన్ని కణాలు దాదాపు 2 డిగ్రీలు పక్కకు తిరిగాయి. చూడటానికి స్వల్పమే. కానీ అంత వేగంగా పోయే కణాన్ని అంత పలుచటి రేకులో ఆ మాత్రం తిప్పాలంటే సెంటీమీటరుకు 10 కోట్ల వోల్టుల స్థాయి విద్యుత్ క్షేత్రం కావాలని ఆయన లెక్కగట్టాడు. పరమాణువులో అంతటి బలం దాగి ఉందన్న మొదటి సూచన ఇదేనని, బంగారు రేకు ప్రయోగంతో పాటు దీన్నీ పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం.

పాఠాల్లో బంగారు రేకు పేరుతో చెప్పే ప్రయోగాల్లో మొదటిది, 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన గీగర్, మార్స్‌డెన్ చేసినది. అందులో రేడియం నుంచి వెలువడే వాయువును గాజు గొట్టంలో నింపి, దాని కొసను అభ్రకపు పొరతోనే మూశారు. గాలి చొరకుండా ఆపుతూనే ఆల్ఫా కణాలను బయటికి వదలగలిగినంత పలుచగా, గట్టిగా చీలే గుణం దానికి ఉంది. చీకటి గదిలో జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసే చుక్కలను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టగా, ప్లాటినం రేకు మీద పడిన దాదాపు 8,000 కణాల్లో ఒకటి వెనక్కి తిరిగి వస్తోందని తేలింది. థామ్సన్ నమూనాలోలా పరమాణువంతా పరచుకున్న ధనావేశం ఆ పని చేయలేదు. ఆవేశమంతా అతి చిన్న కేంద్రంలో ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ ప్రకటించాడు. అయితే ఆ పత్రంలో కేంద్రపు ఆవేశం ధనమా ఋణమా అన్నది ఆయన తేల్చలేదు.

కేంద్రం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోతూ లోపలికి పడిపోవాలి కదా అన్న చిక్కుకు 1913లో నీల్స్ బోర్ నిర్ణీత కక్ష్యలతో జవాబిచ్చాడు. హైడ్రోజన్ వర్ణపట రేఖలు, అంటే అది వెలువరించే కాంతిలోని విడివిడి గీతలు, ఆ లెక్కకు చక్కగా సరిపోయాయి. రెండే ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరికి వచ్చేసరికి అది తప్పింది. 1926లో ష్రోడింగర్ సమీకరణం, దానికి మాక్స్ బార్న్ ఇచ్చిన సంభావ్యత వివరణ కక్ష్య అన్న భావననే తొలగించి, ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంతో మాత్రమే చెప్పే చిత్రాన్ని ఇచ్చాయి. 1932లో చాడ్విక్ కేంద్రంలో ఉండే, ఆవేశం లేని కణమైన న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. అయినా చార్టుల మీద, సైన్స్ ఫెయిర్లలో పిల్లలు తీగలతో చేసే నమూనాల్లో ఎక్కువగా కనిపించేది ఇప్పటికీ 1913 నాటి వలయాలే. వాటి పక్కన 1926 నాటి చిత్రాన్నీ ఉంచితే హీలియం దగ్గర ఆ వలయాలు ఎందుకు చాలలేదో అడిగే అవకాశం పిల్లలకు దొరుకుతుంది.